చాకీ ఇంట్లో తెల్ల చేతులు

పట్టు పురుగుల శాఖలో పనిచేసినవాణ్ణి కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టొచ్చు. ఒంటినిండా ఫార్మలిన్ వాసన. పురుగులకు రోగాలు రాకుండా ఇల్లు, తట్టలు, గోడలు, నేల అన్నీ ఆ మందుతో కడగాలి. కడిగించేవాడి చొక్కాలోకి, జుట్టులోకి కూడా ఆ వాసన ఎక్కుతుంది. మదనపల్లె నుంచి పుంగనూరుకూ, పుంగనూరు నుంచి కుప్పానికీ నేను తిరిగిన బస్సుల్లో జనం నిలబడనైనా నిలబడేవాళ్లు గానీ నా పక్కన కూర్చునేవాళ్లు కాదు. మొదట్లో ఉక్రోషంగా ఉండేది. తర్వాత కాళ్లు చాపుకునే జాగా దొరుకుతోంది కదా అని సరిపెట్టుకున్నాను.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. “సార్, మీ సర్వీసులో పెద్ద సక్సెస్ ఏది?” అని అడుగుతారు. సక్సెస్‌లు చెప్పడానికి ఆఫీసులో గోడ నిండా ఫొటోలున్నాయి. నేను మీకు ఒక ఓటమి చెప్తాను. అందులో సైన్సు తప్పలేదు, నేను కూడా వెనక్కి తగ్గలేదు, అయినా చిత్తుగా ఓడిపోయాం. అట్లా కూడా ఓడిపోవచ్చని ట్రైనింగులో ఎవరూ చెప్పరు.

డెబ్భైల చివర్లో మదనపల్లెలో ట్రైనింగు అయ్యాక నన్ను పుంగనూరులో వేశారు. అక్కడ మా సీనియర్ ఒకాయన ఉండేవాడు. చెప్పులు విడిచినంత తేలిగ్గా సలహాలు విడిచేవాడు. “పురుగు గురించి ఎంతైనా మాట్లాడప్పా. మనుషుల గురించి మాట్లాడబాకు. ట్రాన్స్‌ఫర్ అయిపోతావు” అనేవాడు. ఆయన మాట పెడచెవిన పెట్టకముందే నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చేసింది. కుప్పం. అప్పట్లో కుప్పం పోస్టింగంటే ఏదో తప్పు చేసి ఉంటాడనుకునేవాళ్లు. ఒక వీధిలో తెలుగు, ఒక వీధిలో తమిళం, సంతలో కన్నడం. మా ఊరు కలికిరి దగ్గర. ఇంటికి పోవాలంటే బస్సులు మారీ మారీ పొద్దంతా ప్రయాణం. అందుకని పోవడమే మానుకున్నాను. రైల్వే స్టేషన్ దగ్గర ఒక గది. సాయంత్రం వంట, ఆ తర్వాత బెంగుళూరు వైపు పోయే రైళ్లు చూడటం. అదే నా సంసారం.

గుడుపల్లెకు పోయే దారిలో ఒక ఊరు నా డ్యూటీ కింద ఉండేది. ఆ ఊళ్లో మాకొక చాకీ ఇల్లు ఉండేది. చాకీ అంటే పసి పురుగులు. గుడ్డులోంచి వచ్చిన పురుగు చీమకంటే చిన్నది. అది రెండుసార్లు నిద్రపోయి, చర్మం మార్చుకుని లేచేదాకా బాలింత ఇంటిలాంటి ఇంట్లో పెట్టి సాకాలి. ఆ నిద్రను ఆ వైపు జరం అంటారు. రెండో జరం లేచాక పురుగుల్ని తట్టలతో సహా రైతుల ఇళ్లకు పంచుతాం. అక్కడినుంచి గూడు కట్టేదాకా రైతు బాధ్యత. చాకీలో చెయ్యి బాగుంటే సగం పంట చేతికొచ్చినట్టే.

ఆ పనికి పుంగనూరు సీనియర్ ఒకామెను పంపించాడు. బోర్డరవతల కోలారు వైపు మనిషి. పుట్టింది పట్టు పురుగుల ఇంట్లోనే. వయసు ముప్పై దాటి ఉంటుంది. రేకు పెట్టె ఒకటి తెచ్చుకుంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఆఫీసు మెట్ల మీద నిలబడింది. లోపలికి రమ్మంటే వచ్చి, కొంగు తీసి చేతులు చాపింది. వేళ్ల నుంచి మణికట్టు దాకా బొల్లి మచ్చలు. మిగతా చెయ్యంతా చామనఛాయ.

“సూసుకోండి సార్. సూసినంక పని ల్యాదంటే ఇప్పుడే జెప్పండి. మద్దేనం బస్సు ఉండాది” అంది.

బొల్లి అంటువ్యాధి కాదనీ, ముట్టుకుంటే ఎవరికీ రాదనీ, పురుగుకు అసలే రాదనీ నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆమెకు తెలియని విషయమా! మధ్యలోనే ఆపి, “పడుకునేదానికి యాడ సార్?” అని అడిగింది. చాకీ ఇంటి వెనక ఒక గది ఉందని చెప్పాను. పెట్టె ఎత్తుకుని బయలుదేరింది. ఆ మచ్చలు వచ్చాక మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడనీ, అన్నదమ్ములు వేరే చెంబు పెట్టారనీ తర్వాతెప్పుడో మా జీపు డ్రైవర్ చెప్పాడు. ఆమె తనంతట తాను ఎప్పుడూ చెప్పలేదు.

పట్టు పురుగుల ఇంటికి ఆ వైపు కొన్ని కట్టుబాట్లున్నాయి. చెప్పులతో పోకూడదు, పోపు వాసన తగలకూడదు, బయటివాళ్ల కన్ను పడకూడదు. “పురుగెట్లుండాది?” అని అడిగితే ఎంత బాగున్నా “ఏదో ఉండాది లేప్పా” అనాలి. బాగుందంటే దిష్టి. అందుకే చాకీ ఇంట్లోకి ఊరివాళ్లు ఎవరూ పోయేవాళ్లు కాదు. ఆమె కిటికీలోంచి తట్టలందిస్తే తట్ట మీద తలగుడ్డ కప్పి తీసుకుపోయేవాళ్లు. ఆమె చేతుల సంగతి అందరికీ తెలుసు. మొదటి పంటలు బాగా వచ్చాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. “ఆ యమ్మ చెయ్యి ఎట్లుంటే మనకేం, గూడు గట్టిగా ఉండాది” అనేవాళ్లు. ఆమెకు ఊళ్లో ఎవరూ కూర్చోమని పీట వెయ్యలేదు, పొమ్మనీ అనలేదు.

నేను ఆ ఊరికి పోయినప్పుడు మధ్యాహ్నం చాకీ ఇంటి వసారాలో తినేవాణ్ణి. ఒకరోజు నా క్యారియరు బస్సులోనే మర్చిపోయాను. ఆమె లోపల్నుంచి సంగటి, ఉలవచారు తెచ్చి, ఏమీ అనకుండా నాకు కాస్త దూరంలో పెట్టి పక్కకు తప్పుకుంది. ఆకలి మీదున్నాను, తిన్నాను. ఎదురింటి అరుగు మీద కూర్చున్నవాళ్లు చూశారు. ఆ తర్వాత ఆ ఊళ్లో నాకు మంచినీళ్లు ఒకే ఒక సొట్ట గ్లాసులో వచ్చేవి, ఏ ఇంటికి పోయినా అదే గ్లాసు. దాన్ని నా వెనకే ఇంటింటికీ తిప్పుతున్నారని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. నవ్వొచ్చింది గానీ, గదికి పోయాక ఆ నవ్వు పంచుకోవడానికి మనిషి లేడు.

ఆ ఏడు ఎండలు బాగా ముదిరాక ఒక్కసారిగా వానలు పడ్డాయి. మల్బరీ ఆకు నీరు తాగి లేతగా పెరిగింది. అట్లాంటి ఆకు, అట్లాంటి ఉక్క, సరిగా కడగని ఇల్లు మూడూ కలిస్తే పురుగుకు పాల రోగం పడుతుంది. పురుగు ఉబ్బిపోయి, తట్టల అంచుల మీద తిక్కతిక్కగా తిరిగి, ఆఖరికి చర్మం చిట్లి తెల్లగా పాలు కారి చస్తుంది. గూడు కట్టే ముందు, అంటే రైతు పెట్టిన ఆకంతా తిన్నాక చస్తుంది. ఆ ఊళ్లో ఒకటి రెండు ఇళ్లు తప్ప అందరి పురుగూ పోయింది. ఆడవాళ్లు చాటలతో ఎత్తి దిబ్బల్లో పోశారు. ఆ దుర్వాసన ఊరంతా కమ్ముకుంది.

దిబ్బ దగ్గర ఒక ముసలమ్మ ఆ తెల్లటి పాల వంక చూస్తూ అన్నదట: “ఈ తెలుపు యాడిదో నాకు దెలుసు.”

అంతే. ఎవరూ పెద్దగా అరవలేదు, తిట్టలేదు. పొద్దు వాలేసరికి ఊరంతా ఒకే మాట. తెల్ల చేతులు తాకాయి, పురుగు తెల్లగా కారి చచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మరుసటి వారం నేను పోయేసరికి ఊరి పెద్ద రైతు నా కోసం చాకీ ఇంటి ముందే కూర్చుని ఉన్నాడు. పాత సర్పంచి. నెమ్మదైన మనిషి, ఎవరినీ నొప్పించని మాట. ఆయన పంట మొత్తం పోయింది.

“సార్, ఆ యమ్మ మీద మాకేమీ కోపం ల్యాదు. అయితే మల్లా గుడ్లొచ్చే లోపల ఆ యమ్మ ఈడ ఉండకూడదు. ఉంటే ఊర్లో ఎవురూ చాకీ ఎత్తుకోరు” అన్నాడు.

కుప్పానికి వచ్చి మా ఆఫీసరుకు చెప్పాను. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి. గొడవంటే పడదు. “ఆమె దినకూలీ మనిషి. తీసేయడానికి ఆర్డరు కూడా అక్కర్లేదు కదయ్యా. రేపట్నుంచి రావద్దని చెప్తే అయిపోయె” అన్నాడు.

“తీసేస్తే, రోగం ఆమె వల్లే వచ్చిందని మనం కూడా ఒప్పుకున్నట్టే కదా సార్. ఆమెకు ఇంకెక్కడా పని దొరకదు. ఉన్న గది కూడా పోతుంది.”

“అయితే ఏం జేస్తావు?”

“మైక్రోస్కోపు ఇవ్వండి సార్. రోగం ఎట్లుంటుందో వాళ్లకే చూపిస్తాను.”

ఆఫీసులో ఉన్నది ఒకటే మైక్రోస్కోపు. దాని మీద దుమ్ము పడితేనే ఆయనకు నిద్ర పట్టేది కాదు. నా మొహంలోకి చూసి ఏమనుకున్నాడో, బీరువా తాళం తీశాడు. జీపు రిపేరులో ఉంది. డ్రైవర్ మాత్రం నాతో బస్టాండు దాకా వచ్చాడు. కుప్పం మనిషే, మూడు భాషల్లోనూ హాస్యమాడగలిగినవాడు. ఆ రోజు మాత్రం హాస్యమాడలేదు. “సార్, వాళ్లు రోగం గురించి అడగతాండేది కాదు సార్. పంట పోయింది, ఎవురో ఒకరు దొరకాల వాళ్లకి” అన్నాడు. మైక్రోస్కోపు పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఎప్పట్లాగే నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

చాకీ ఇంటి వసారాలో బల్ల వేసి, ఎండ పడే చోట మైక్రోస్కోపు పెట్టాను. అప్పటివి కరెంటు మైక్రోస్కోపులు కావు. కింద ఒక అద్దం ఉంటుంది, దాన్ని తిప్పి ఎండను లోపలికి పంపాలి. ఊరు ఊరంతా వచ్చింది. తిరనాళ్లలో బొమ్మల పెట్టె చూడటానికి నిలబడ్డట్టు వరసలో నిలబడ్డారు. నేను కాలేజీలో కూడా అంత బాగా పాఠం అప్పజెప్పలేదు. రోగం అంటే ఇదీ, కంటికి కనపడని గింజలు పురుగు రక్తంలో పెరుగుతాయి, ఆకులో నుంచి, కడగని తట్టల్లో నుంచి, పాత ఇంటి నేల నుంచి వస్తాయి, మనిషి చర్మానికీ దీనికీ ఏ సంబంధం లేదు అని విడమరిచి చెప్పాను. ఒకింట్లో ఇంకా మిగిలిన జబ్బు పురుగు కాలు గిల్లి, ఒక చుక్క తీసి, అద్దపు ముక్క మీద పెట్టాను.

మొదట ఆ ముసలమ్మే వచ్చింది. ఒక కన్ను మూసుకోవడం రాక చేత్తో మూసుకుని, మరో కంటితో చాలాసేపు చూసింది. పాల రోగం గింజలు మైక్రోస్కోపులో ఎట్లుంటాయో చూసినవాళ్లకు తెలుసు. అచ్చంగా చిన్న చిన్న తెల్లటి ముక్కలు, తళతళ మెరుస్తాయి. ముసలమ్మ తల ఎత్తి, జనం వైపు తిరిగింది.

“నిజమే. సార్ జెప్పింది నిజమే. తెల్ల మచ్చలు. లోపలంతా తెల్ల మచ్చలు. ఆ యమ్మ సేతుల మీద ఉండేటివే” అంది.

నేను నోరు తెరిచేలోపల జనం మీద పడ్డారు. ఒకరి తర్వాత ఒకరు చూశారు. చూసిన ప్రతివాళ్లూ తలాడించారు. అప్పటిదాకా అనుమానంగా ఉన్నవాళ్లకు కూడా నమ్మకం కుదిరింది. ఎందుకంటే వాళ్లు ఇప్పుడు కళ్లారా చూశారు. చూపించింది గవర్నమెంటు. ఇన్నేళ్లయినా ఆ క్షణం తలుచుకుంటే నాకు ఏడవాలో నవ్వాలో తెలియదు.

పట్టు వదల్లేదు. గుడుపల్లె అవతల ఇంకో ఊళ్లో కూడా పాల రోగం వచ్చిందనీ, ఆ ఊరి చాకీ వేరేచోట పెరిగిందనీ, ఈమె ఆ ఊరి మొహం కూడా చూడలేదనీ చెప్పాను. వెనకనుంచి ఒకతను, “ఆ ఊరికి పొయ్యే బస్సు ఈ ఊరి మీదనే గదా సార్ పొయ్యేది” అన్నాడు. అందరికీ అది సరైన సమాధానంగానే తోచింది. నేను గొంతు పెంచాను. ఎవరో నాకు నీళ్లు తెచ్చారు, అదే సొట్ట గ్లాసులో.

అప్పుడు తలుపు తీసుకుని ఆమె బయటికి వచ్చింది. అన్నాళ్లలో ఆమె చేతులు కొంగులో దాచుకోకుండా ఆ ఊరివాళ్ల మధ్యకు రావడం నేను చూడటం అదే మొదలు. మనుషులు తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశారు.

“సాల్లే సార్” అంది నాతో. “మీరు సూపిచ్చేది సూపిచ్చినారు. వాళ్లు సూసేది సూసినారు. నన్ను మటుకు ఎవురూ ఏమీ అడగల్యా.”

ఆమె పాత సర్పంచి వైపు తిరిగింది.

“అప్పా, నేనే అడగతా. రెండో జరం లేసినంక పురుగు మీ ఇంటికి పంపిస్తి. కిటికీ కాడ మీరే ఎత్తుకోని పోయినారు. ఆ పొద్దు పురుగు బాగుండెనా, ల్యాదా?”

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. “బాగుండెమ్మా” అన్నాడు. “నిగనిగలాడతా ఉండె.”

“మరి యాల పొమ్మంటాండారు?”

ఆయన తలవంచుకున్నాడు. “భయమమ్మా. భయానికి యాల అంటే ఏం జెప్పేది? ఇంట్లో ఆడోళ్లు నీ తట్ట ముట్టేదానికి ఒప్పుకోరు. నేను సరే అన్నా పంట నిలబడదు” అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. జనం మెల్లగా ఎవరి దారిన వాళ్లు పోయారు. నేను మైక్రోస్కోపు తుడిచి పెట్టెలో పెట్టుకునేసరికి, ఆమె తట్టలన్నీ మందునీళ్లలో కడిగి వసారా మీద వరసగా ఎండబెడుతోంది. ఇప్పుడెందుకమ్మా అంటే, “మల్లా వొచ్చేవోళ్లకి మురికిల్లు ఇస్తే బాగుండదు గదా సార్” అంది. తాళం నా చేతిలో పెట్టింది. రేకు పెట్టె నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. రోడ్డు దాకా ఇద్దరం నడిచాం. దారిలో అరుగుల మీద మనుషులున్నారు. వాళ్లలో ఒక్కరు కూడా లేచి రాలేదు, ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు. బస్సు వచ్చింది. “ఎక్కడికి పోతావు?” అని అడిగాను. “పోతా సార్” అంది, అంతే.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండు. ఆమె పోయాక ఊరివాళ్లు శుద్ధి పెట్టుకున్నారు. దోషం పోవాలని ఇళ్లలో నేలలు చెక్కి కొత్త మట్టితో అలికారు. గోడలకు సున్నం కొట్టారు. పాత తట్టలు, పురుగు గూడు కట్టే వెదురు చంద్రికెలు అన్నీ ఊరి బయట కాల్చేశారు. చాకీ ఇల్లు నేల నుంచి కప్పు దాకా కడిగారు. ఏ పనులు చెయ్యమని నేను రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగి బతిమాలుతున్నానో, సరిగ్గా అవే పనులు. తర్వాతి పంట బంగారంలా వచ్చింది. పాల రోగం మచ్చుకు కూడా లేదు. పాత సర్పంచి కుప్పం ఆఫీసుకు వచ్చి మా అందరికీ మిఠాయి పంచాడు. “సూసినావా సార్, ఆ యమ్మ పోయినంక!” అన్నాడు. కోపం లేదు ఆ మాటలో, సంతోషమే. మా ఆఫీసరు మిఠాయి తిన్నాడు. నేను దాన్ని టేబుల్ సొరుగులో పెట్టాను. చీమలు పట్టాక డ్రైవర్ పారేశాడు.

ఆ తర్వాత కుప్పంలో నా మాటకు కాలం చెల్లింది. రైతులు నాతో మర్యాదగానే ఉండేవాళ్లు గానీ ఏదీ అడిగేవాళ్లు కాదు. స్టేషన్ పక్క గదిలో రైళ్ల చప్పుడు వింటూ, అవే మాటలు వేరే విధంగా చెప్పి ఉంటే ఏమయ్యేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో! చివరికి మళ్లీ పుంగనూరుకు, అక్కడినుంచి మదనపల్లెకు వచ్చాను. పుంగనూరు సీనియర్ అప్పటికి రిటైరయ్యాడు. నా కథ విని, “నేను జెప్పలా?” అని కూడా అనలేదు. “ఆమె ఇప్పుడు యాడుండాది?” అని అడిగాడు. నాకూ తెలియదు.

ఎనభైల చివర్లో ఒకరోజు మదనపల్లెలో గూళ్ల మార్కెట్‌లో పాత సర్పంచి కనిపించాడు. ముసలివాడైపోయాడు గానీ గూళ్లు మాత్రం జిగేల్మంటున్నాయి. చేతిలో వేసి చూపించాడు. ఇప్పుడు చాకీ మా శాఖ దగ్గర తీసుకోవడం లేదట. బోర్డరవతల ఒక ప్రైవేటు చాకీ సెంటర్ ఉందట. అక్కడినుంచి వ్యానులో వస్తుందట. “లోపల సాకేది ఎవురో ఒక యమ్మంట సార్. బయిటోళ్లని లోపలికి పోనీరు, నేను జూడల్యా. ఏం చెయ్యి సార్ అది! లచ్మీ చెయ్యి!” అన్నాడు.

మా రైతులు మమ్మల్ని వదిలి అక్కడికి పోతున్నారంటే చూసి రావాలి కదా. ఆ నెలలోనే పోయాను. ఓనరు మొదట ఒప్పుకోలేదు. నేను ఈ పనివాణ్ణేనని చెబితే, కాళ్లు చేతులు కడుక్కోమని లోపలికి పంపించాడు. చల్లటి చీకటి గది. తట్టల వరసల మధ్య ఒక మనిషి వంగి, తరిగిన ఆకు చల్లుతోంది. తల ఎత్తకుండానే, “ఫార్మలిన్ వాసనొస్తే మీరే ఏమో అనుకున్యా సార్” అంది.

చేతులు రెండూ మోచేతుల దాకా పూర్తిగా తెల్లబడిపోయాయి. ఇప్పుడు మచ్చలంటూ లేవు, అంతా ఒకటే రంగు. వెనక చిన్న గదిలో చాప, పొయ్యి, అదే రేకు పెట్టె. బయటికి పోవడం చాలా తక్కువట. ఓనరు మంచివాడే, కాకపోతే రైతులు వచ్చే వేళకు ఆమెను లోపలే ఉండమంటాడట.

“ఈ చాకీ ఏయే ఊళ్లకు పోతుందో తెలుసా అమ్మా?” అన్నాను.

“తెలీకేం సార్? వ్యానులోకి ఎత్తేటప్పుడు ఊరి పేరు పిలుస్తారు గదా.” కాసేపు ఆకు చల్లింది. “ఆ ఊరి తట్టలు మటుకు ఇంగో తూరి సూసి పంపిస్తా. మల్లా రోగమొస్తే నా వల్లనే అంటారేమోనని బయం.”

“వాళ్లకు నువ్వని తెలియదు కదమ్మా.”

“తెలీదు. బయం అయితే ఉండాది.”

నేను పోయి వాళ్లకు చెప్తానన్నాను. ఊరి మధ్యలో నిలబడి చెప్తానన్నాను. ఇన్నేళ్లుగా మీరు లక్ష్మీ చెయ్యి అంటున్నది ఎవరి చేతినో చూడండని చెప్తానన్నాను. ఆమె చేతిలో ఆకు కింద పెట్టేసింది. ఆమె నన్ను బతిమాలడం అదొక్కసారే.

“వొద్దు సార్. మీకు దండం బెడతా. తెలిస్తే ఆ ఊరు మానేస్తాది, ఆ ఊరిని జూసి ఇంగో ఊరు. ఓనరు ఏం జేస్తాడు పాపం? నన్ను పొమ్మంటాడు. ఇంగ యాడికి పొయ్యేది నేను?”

చెప్పనని మాటిచ్చాను. వచ్చేటప్పుడు ఆమె గుమ్మం దాకా కూడా రాలేదు. బయట రైతులున్నారు.

తర్వాత ఒక పని మీద గుడుపల్లె వైపు పోయినప్పుడు పాత సర్పంచి నన్ను చూసి వదల్లేదు. ఇంటికి తీసుకుపోయి అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఈసారి మంచి గ్లాసే. ఎదురుగా మా పాత చాకీ ఇల్లు తాళమేసి ఉంది. కిటికీ రెక్క ఒకటి ఊడి వేలాడుతోంది.

“ఆ సెంటర్‌కి పొయ్యొస్తివంట గదా సార్. ఆ యమ్మని జూసినావా?”

“చూశానప్పా.”

“ఎట్లుంటాది మనిషి?”

ఆయన మొహంలో నిజమైన ఆశ ఉంది, దేవుణ్ణి చూసొచ్చినవాణ్ణి అడిగినట్టు అడుగుతున్నాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. “మామూలు మనిషే. ఎవరూ లేరు, ఒంటరిగా ఉంటుంది” అన్నాను.

“అయ్యో పాపం” అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన కాదు, ఆయన అట్లాంటి మనిషి కాదు. తాళం వేసిన చాకీ ఇంటి వైపు చెయ్యి చూపించాడు. “అంత మంచి చెయ్యి యాడనో పరాయోళ్ల కాడ పడుండాది సూడు సార్. అట్లాంటి యమ్మ మా ఊరికి వొస్తే, ఆ ఇల్లు ఇచ్చేసి, మా ఇంటి ఆడబిడ్డ మాదిరి సూసుకోమా?”

నేను టీ గ్లాసు కింద పెట్టి, బస్సుకు టైమైందని చెప్పి లేచాను.